దొంగరాముని లెక్క

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వైపు సాగే పెద్ద రోడ్డు మీద గుండుగొలను ఉన్నది. ఊరి పేరులోనే కొలను ఉన్నది. ఊరు దాటి దక్షిణంగా దిగితే నేల క్రమంగా పల్లమై కొల్లేటి వైపు వాలుతుంది. నా బాల్యంలో, అనగా 1990 ప్రాంతాలలో, ఆ పల్లపు నేలలు ఒక్కొక్కటిగా వరి మాని చేపల చెరువులవుతూ ఉండేవి. ప్రతి చెరువు గట్టు మీద ఒక పాక, పాకలో ఒక కాపలా మనిషి, అతనికి ఒక టార్చిలైటు, తోడుగా ఒక కుక్క. తెల్లవారుజామున వలలు లాగి, బొచ్చెలను, శీలావతులను ఐసు వేసిన పెట్టెలకెత్తి, లారీలలో కలకత్తాకు పంపేవారు.

ఒక రాత్రి మేము నలుగురు పిల్లలము అటువంటి చెరువులో చేపలు దొంగిలించినాము. అది చిలిపితనమని నేడు నవ్వి ఊరుకొనవచ్చును. కాని మేము ఆ పనికి పూనుకున్న తీరును తలచుకుంటే నాకు నవ్వు రాదు. అమావాస్యకు దగ్గరి రాత్రిని ఎంచుకున్నాము. కాపలా మనిషి భోజనానికి ఇంటికి వెళ్ళే వేళను నాలుగు రోజులు కనిపెట్టి చూచినాము. కుక్కకు ఎండుచేప ముక్కలు వేసి ముందుగానే మచ్చిక చేసుకున్నాము. గట్టు దిగి ఏ దారిన పరుగెత్తితే ఎవరి పొలంలో పడతామో నడిచి కొలుచుకున్నాము. పట్టుబడితే నాలుగు దెబ్బలు, పట్టుబడకపోతే నాలుగు చేపలు. ఈ రెండింటినీ తూచి, పోవచ్చునని నిశ్చయించుకున్నాము.

మేము తూచని సంగతి ఒకటి ఉన్నది. ఆనాడు కాపలా మనిషి త్వరగా తిరిగివచ్చినాడు. ముగ్గురము తప్పించుకున్నాము. బుట్ట మోస్తూ వెనుకబడినవాడు దొరికినాడు. వాడు కూలివాని కొడుకు. దెబ్బలు తిన్నాడు కాని మా పేర్లు చెప్పలేదు. కాపలా మనిషికి ఆ నెల జీతంలో కోత పడినది. ఆ తరువాత ఊరిలో ఎవరి సైకిలు గంట పోయినా, ఎవరి పెరట్లో కొబ్బరికాయ పోయినా, అందరి చూపూ ముందుగా వాని గుడిసె వైపు తిరిగేది. రెండేళ్ళకు వాడు ఊరు విడిచి పనికి పోయినాడు. నేను కళాశాలకు పోయినాను.

మేము గట్టు మీద వేసుకున్న ఆ లెక్కకు శాస్త్రంలో ఒక పేరు ఉన్నదని విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు తెలిసినది. నేరాన్ని ఒక ఎంపికగా చూచే సిద్ధాంతమది. నేరం చేసేవాడు పిచ్చివాడు కాడు, పుట్టుకతోనే చెడిన రక్తం కలవాడూ కాడు. మనమందరము సంతలో బేరమాడునట్లే అతడు కూడా లాభమెంత, నష్టమెంత, పట్టుబడే అవకాశమెంత, ఇంతకంటె మేలైన దారి వేరొకటి ఉన్నదా అని తనకు తెలిసినంతలో ఆలోచించి ఆ పనికి దిగుతాడు. సిద్ధాంత సారమింతే.

దీని మూలాలు పాతవి. 1764లో ఇటలీ దేశీయుడు బెకారియా నేరాలను గురించి, శిక్షలను గురించి ఒక చిన్న పుస్తకం వ్రాసినాడు. నేరాన్ని ఆపేది శిక్ష యొక్క క్రూరత్వం కాదని, శిక్ష తప్పదన్న నమ్మకమేనని అతని వాదం. తరువాత ఇంగ్లండులో బెంథాము ఆ ఆలోచనను పెంచినాడు. మన కాలానికి దగ్గరగా, 1968లో అమెరికా ఆర్థికవేత్త గేరీ బెకర్ దానిని గణితంలోకి దించినాడు. ఆయనకు ఈ ఆలోచన తట్టిన సందర్భం వినదగినది. ఒక విద్యార్థిని పరీక్షించడానికి కారులో విశ్వవిద్యాలయానికి పోతూ ఆయన ఆలస్యమైనాడు. డబ్బిచ్చి నిలిపే చోటు ఒకటి ఉన్నది. వీధిలోనే నిలిపితే జరిమానా పడవచ్చును, పడకపోవచ్చును. లోలోపల లెక్క చూచుకొని వీధిలోనే నిలిపినాడు. నడుస్తూ ఉండగా, నగర అధికారులు కూడా ఇటువంటి లెక్కే వేసుకుంటూ ఉంటారు గదా అని తోచినది. 1992లో నోబెల్ బహుమతి పొందినప్పుడు ఆ పెద్దమనిషి తన ప్రసంగంలో ఈ చిన్న తప్పును దాచకుండా చెప్పుకున్నాడు.

ఈ సిద్ధాంతం విలువ తెలియాలంటే, దీనికి ఎదురుగా నిలిచిన భావమేమిటో తెలియాలి. 1876లో లాంబ్రోసో అనే మరొక ఇటలీ దేశీయుడు పుట్టు నేరస్థుడు అనే జాతి ఒకటి ఉన్నదని, ముఖ కవళికలను బట్టి వానిని గుర్తించవచ్చునని వ్రాసినాడు. మన దేశంలో తెల్లదొరలు అంతకు ముందే, 1871లో, కొన్ని కులాలను మొత్తంగా నేరస్థ జాతులుగా ప్రకటించే చట్టం చేసినారు. 1911లో దానిని మద్రాసు రాజధానికి వర్తింపజేసినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ విధంగా వెలసినదే. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ నిలిపి, సాల్వేషన్ ఆర్మీ వారి పాలనలో ఉంచినారు. అక్కడ పుట్టిన బిడ్డ ఏ లెక్కా వేయకముందే, ఏ గట్టూ ఎక్కకముందే దొంగల జాబితాకు దగ్గరైనాడు. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు, 1952లో ఆ చట్టం రద్దయినది. చట్టం పోయినది గాని పేరు పోలేదు. ఆ ఊరి దొంగల మీద 1991లోను, మళ్ళీ 2023లోను వచ్చిన చలనచిత్రాలే అందుకు సాక్ష్యం.

చట్టం రద్దయిన మూడేళ్ళకు, 1955లో, తెలుగు తెర మీదికి దొంగరాముడు వచ్చినాడు. అన్నపూర్ణా పిక్చర్సు వారి తొలి చిత్రమది. నిర్మాత దుక్కిపాటి మధుసూదనరావుగారు, దర్శకులు కె. వి. రెడ్డిగారు, మాటలు డి. వి. నరసరాజుగారివి, సంగీతం పెండ్యాల నాగేశ్వరరావుగారిది. రాముడుగా అక్కినేని నాగేశ్వరరావుగారు, సీతగా సావిత్రిగారు, చెల్లెలు లక్ష్మిగా జమునగారు, డాక్టరుగా జగ్గయ్యగారు, బాబులు అనే రౌడీగా ఆర్. నాగేశ్వరరావుగారు నటించినారు. నాయకుడూ నిర్మాతా ఇద్దరూ కొల్లేటికి ఆవలి ఒడ్డున గుడివాడ ప్రాంతం వారు కావడం వలన మా వైపు ఇళ్ళలో ఆ చిత్రాన్ని స్వంత బంధువుల కథవలె చెప్పుకునేవారు. ఆ చిత్రాన్ని ఈ సిద్ధాంతం వెలుగులో మరొకసారి చూడడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

రాముడు పసివాడు, అల్లరివాడు. తల్లి జబ్బు పడినది. మందు కావాలి, డబ్బు లేదు. పిల్లవాడు దొంగతనానికి దిగి పట్టుబడినాడు. ఆ దెబ్బకు తల్లి కన్నుమూసినది. వాడు బాలనేరస్థుల పాఠశాలకు, చెల్లెలు అనాథాశ్రమానికి చేరినారు. సిద్ధాంతాన్ని పైపైన చదివినవారు ఇక్కడ లెక్క ఎక్కడ ఉన్నదని అడుగుతారు. ఉన్నది. వాని ముందున్న దారులు ఎన్ని? అప్పు అడగవచ్చును, ఇచ్చేవారు లేరు. కూలి చేయవచ్చును, కూలి డబ్బు చేతికి వచ్చేలోగా రోగం ఆగదు. మిగిలినది ఒక్క దారి. పక్కనున్న దారులన్నీ మూసివేసి, మిగిలిన ఒక్క దారిన పోయినవానిని ఇదే ఎందుకు ఎంచుకున్నావని అడగడం న్యాయమా? ఎంపిక అన్న మాటకు అర్థముండాలంటే కనీసం రెండు దారులైనా ఉండాలి గదా. కఠినశిక్షను గూర్చి మాట్లాడేవారు తరచుగా మరచే సంగతి ఇదే. తక్కెడకు రెండు సిబ్బెలున్నాయి. నేరమున్న సిబ్బెలో శిక్ష అనే బరువు పెంచుతూ పోవచ్చును. అవతలి సిబ్బెలో నిజాయితీ బ్రతుకు అనేది ఒకటి ఉండి, దానిలో ఏదైనా ఉన్నప్పుడే ఆ తూకం తూకమవుతుంది.

రాముడు పెరిగినాడు. చెల్లెలు చదువుకుంటున్నది. ఆమె చదువుకు డబ్బు కావలసి వచ్చినది. మళ్ళీ దొంగతనం చేసి మళ్ళీ చెరసాలకు పోయినాడు. ఈ రెండవ దొంగతనం మొదటిదాని వంటిది కాదు. ఇప్పుడు వాడు పసివాడు కాడు. చెరసాల అంటే ఏమిటో తెలిసినవాడు. శిక్ష భయమే మనిషిని ఆపేదయితే దానిని రుచి చూచినవానిని తప్పక ఆపవలెను. ఆపలేదు. ఎందుకంటే శిక్ష ఎప్పుడో పడేది, పడకపోవచ్చును కూడా. చెల్లెలి అవసరం నేటిది, తప్పనిది. దగ్గరగా ఉన్న చిన్న వస్తువు దూరంగా ఉన్న పెద్ద వస్తువును కప్పివేస్తుంది. అరచేయి కంటికి అడ్డుపెట్టుకుంటే కొల్లేరంతా కనపడకుండా పోతుంది.

కార్నిష్, క్లార్క్ అనే ఇద్దరు పండితులు 1986లో తర్కించే నేరస్థుని గురించి ప్రకటించిన గ్రంథంలో ఈ సంగతినే శాస్త్రరీత్యా స్థాపించినారు. నేరస్థుడు ఆలోచిస్తాడు గాని తొందరలో, అరకొర సమాచారంతో ఆలోచిస్తాడు. అతని చూపు ఎక్కువగా ఆ నిమిషం మీద, ఆ చోటు మీద ఉంటుంది. అందుచేత దూరాన ఉన్న పెద్దశిక్ష కంటె దగ్గర ఉన్న చిన్న అడ్డంకి ఎక్కువ పనిచేస్తుందని వారి నిర్ణయం. దీనికి పశ్చిమ జర్మనీలో ఒక చక్కని ఉదాహరణ దొరికినది. అక్కడ 1980 నుండి మోటారు సైకిలు నడిపేవారు శిరస్త్రాణం ధరించకపోతే వెంటనే జరిమానా వేయసాగినారు. ప్రాణరక్షణ కొరకు చేసిన ఏర్పాటది. కాని దొంగ దారిన పోతూ బండి ఎత్తుకుపోవాలంటే తలపై హెల్మెట్టు లేక వెంటనే పోలీసు కంట పడతాడు. ఆరేళ్ళలో మోటారు సైకిళ్ళ దొంగతనాలు దాదాపు మూడవ వంతుకు పడిపోయినాయి. దొంగల మనస్సులు మారలేదు, శిక్షలు పెరగలేదు. ఆ నిమిషపు లెక్క మాత్రం మారినది. మా కాపలా మనిషి భోజనానికి ఇంటికి పోకుండా, భోజనమే గట్టు మీదికి వచ్చి ఉంటే, మేము నలుగురము ఆ రాత్రి ఇంట్లో పడుకునేవారమే.

ఇంతవరకు సిద్ధాంతం చిత్రానికి సరిపోయినది. ఇక చిత్రం సిద్ధాంతానికి నేర్పే పాఠాలు రెండు ఉన్నాయి.

మొదటిది, ఖర్చు ఎవరి పద్దులో పడుతుందన్నది. రాముడు రెండుసార్లూ తనకు పడబోయే శిక్షను తూచుకున్నాడే గాని, ఇతరులపై పడబోయేదానిని తూచలేదు. ఏ తల్లి కొరకు దొంగిలించినాడో ఆ తల్లి ఆ దొంగతనం వార్తతోనే పోయినది. ఏ చెల్లెలి కొరకు దొంగిలించినాడో ఆ చెల్లెలి మీదనే దొంగ చెల్లెలన్న మచ్చ పడినది. ఇది నేటి కథ కాదు. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు ఉన్నాడు. దాసీత్వం నుండి తన మదనికను విడిపించడానికి డబ్బు కావాలి. కన్నం ఎంత వెడల్పు వేయవలెనో కొలవడానికి తాడు మరచివస్తే, యజ్ఞోపవీతంతో గోడను కొలుస్తాడు. అంత లెక్కగలవాడు! తీరా ఎత్తుకుపోయినది మదనిక యజమానురాలు వసంతసేన దాచుకొమ్మని ఇచ్చిన నగలు. నష్టమంతా పేదవాడైన చారుదత్తుని మీద, అతని ఇల్లాలి మీద పడినది. గోడను అంగుళాలలో కొలిచినవాడు గోడకు అవతల నిద్రించేవారి బ్రతుకును కొలవలేదు. మేము కుక్కను, చీకటిని, దారిని కొలిచినాము. కాపలా మనిషి జీతాన్ని కొలవలేదు. బుట్ట మోసేవాడు వెనుకబడతాడని కొలవలేదు.

రెండవ పాఠం ఇంకా లోతైనది. చిత్రం పేరులోనే ఉన్నది. రాముడన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు. దానికి ముందు దొంగ అన్న మాటను లోకం చేర్చినది. ఒకసారి చేరిన తరువాత ఆ మాట వాని ప్రతి లెక్కలోనూ జొరబడుతుంది. నిజాయితీగా పని చేద్దామన్నా పనిచ్చేవాడు వెనుకాడతాడు. అనగా నిజాయితీ ధర పెరిగినది. నేరం చేయకపోయినా అనుమానం తప్పదు. అనగా నేరం చేయకపోవడం వలన కలిగే లాభం తగ్గినది. సిద్ధాంతం ప్రకారమే చూచినా, దొంగ అన్న ముద్ర మనిషిని నేరం నుండి దూరం చేయదు, నేరం వైపు నెట్టుతుంది.

బాబులు పాత్ర ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తుంది. ఆ చిత్రంలో అందరికంటె చక్కగా లెక్క తెలిసినవాడు బాబులే. తాను చేసిన నేరం రాముని మీదికి పోతుంది. ఎందుకు పోతుంది? దానికి తగిన మనిషి ఊరిలో ముందే సిద్ధంగా ఉన్నాడు గనుక. పేరు పడిన దొంగ ఒకడు ఉన్నచోట, పేరు పడని దొంగకు పట్టుబడే భయం సగానికి సగం తగ్గుతుంది. మనం పాతదొంగ మీద వేసే ముద్ర మన ఇంటికి వేసే తాళమని అనుకుంటాము. నిజానికి అది కొత్తదొంగ చేతికి ఇచ్చే తాళపుచెవి.

2014లో తెలుగులో వచ్చిన దృశ్యం చిత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. అంతకు ముందటి సంవత్సరం మలయాళంలో వచ్చిన కథకు అది తెలుగు రూపం. అందులో వెంకటేష్‌గారు నటించిన రాంబాబు కేబులు టీవీ నడుపుకునే గృహస్థు. తన ఇంటిలో జరిగిన ఒక మరణాన్ని కప్పిపుచ్చడానికి అతడు వేసే లెక్క రాముడు కలలోనైనా వేయలేడు. బస్సు కండక్టరు, హోటలు మనిషి, సినిమా హాలు మనిషి, అందరి జ్ఞాపకాలలోను ఒక తేదీని నాటుతాడు. శిక్ష ఎంత పెద్దదయినా సరే, పట్టుబడే అవకాశాన్ని తగ్గించుకుంటే చాలునని తెలిసినవాడు. కాని ఆ తెలివి ఫలించడానికి అడుగున ఒక పెట్టుబడి ఉన్నది. అది అతని మంచి పేరు. ఊరివారు అతనిని నమ్ముతారు. అదే సాక్ష్యాలు, అదే టిక్కెట్లు, అదే తేదీలు దొంగరాముడు చూపి ఉంటే ఎవరు నమ్మేవారు? తెలివి ఒకటే అయినా, పేరును బట్టి ఫలం మారిపోతుంది.

ఈ సిద్ధాంతానికి హద్దులు లేకపోలేదు. కోపంలో కత్తి దూసేవాడు, మైకంలో చేయి చేసుకునేవాడు లెక్క వేసి చేస్తాడని చెప్పడం కష్టం. మనిషి మనస్సు బజారులోని తక్కెడ కాదు. అయినా ఈ సిద్ధాంతం చేసిన మేలు ఒకటి ఉన్నది. దొంగను మన జాతిలో కలిపినది. వాడూ మనవలెనే ఆలోచించే మనిషి అని చెప్పినది. మనవలెనే ఆలోచించేవాడయితే, మన ముందున్న దారులు వాని ముందు కూడా ఉంచితే వాడూ ఆ దారిన పోగలడు. కొందరు ఈ సిద్ధాంతాన్ని దయలేని శాస్త్రమంటారు. నాకు అట్లా తోచదు. పుట్టుకతో దొంగ అన్నవాడు స్టువర్టుపురం కట్టినాడు. ఆలోచించి దొంగ అయినాడన్నవాడు, ఆ ఆలోచనలో ఏ అంకె మార్చగలమని అడుగుతాడు.

మా కొల్లేటి సీమలో మరొక దృశ్యం కూడా చూచినాము. 1999లో సరస్సును వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించినారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలను అనుసరించి, సరస్సు లోపల చట్టవిరుద్ధంగా వెలసిన చెరువుల గట్లను వేల ఎకరాలలో తెగగొట్టినారు. ఆ గట్లు వేసినవారు కూడా లాభనష్టాలు తూచే వేసినారు. అడిగేవారు లేరని, అడిగినా గట్టు తెగేలోపల నాలుగు పంటల చేపలు చేతికి వస్తాయని తూచినారు. నీరు పారే దారి మూసుకుపోతే ఎగువ పొలాలు మునుగుతాయన్నది వారి పద్దులో లేదు. కాని వారిలో ఏ ఒక్కరి పేరుకు ముందైనా దొంగ అన్న మాట చేరినట్లు నేను వినలేదు. ఆ మాట నాలుగు చేపల బుట్ట మోసినవానికే చేరినది.

కొన్నేళ్ళ క్రితం ఏలూరు బస్సు స్టాండులో అతడు కనిపించినాడు. నేనే గుర్తుపట్టి పలుకరించినాను. చిన్ననాడు ఒరే అంటే ఒరే అనుకున్నవారము. ఇప్పుడు అతడు నన్ను గారు అని పిలిచినాడు. దూరపు ఊరిలో మేస్త్రీ పని చేస్తున్నాడట, పిల్లలు చదువుకుంటున్నారట. అక్కడ తన పాత పేరు ఎవరికీ తెలియదని చెప్పి నవ్వినాడు. బస్సు కదలబోతుండగా అడిగినాడు: “ఆ రోజు చేపలు మీరు తిన్నారా అండీ?”

ఆ ‘మీరు’ మా ముగ్గురినీ కలిపి అన్నాడో, నన్నొక్కనిని మర్యాదకు అన్నాడో తెలియలేదు. తినలేదని చెప్పినాను. అది నిజమే. పరుగులో వాటిని కాలువ గట్టున గడ్డిలో పారవేసినాము. అతడు తల ఊపినాడు. ముప్పై ఏళ్ళుగా మేము తిన్నామనుకొని ఉంటాడు.

మేమెవరమూ తినని నాలుగు చేపలకు అతడు ఒక ఊరిని ఇచ్చుకున్నాడు. నేను చెల్లించినది ఏమీ లేదు. దొంగరాముడు చిత్రం ఎక్కడ ప్రదర్శించినా నేను చూస్తాను. తెర మీద ఆ పిల్లవానిని పట్టుకున్నప్పుడు హాలులో అందరూ అయ్యో పాపమంటారు. నేను మాత్రం ఆ చీకటిలో పరుగెత్తిపోయిన ముగ్గురి కొరకు వెదుకుతూ ఉంటాను.